చారెడు తీసి చారెడు పోస్తే

నేలక్కకు ఆరేళ్ళుగా తప్పని అలవాటు ఒకటి ఉండేది. పొద్దున్నే, ఆఫీసుకు ఇంకెవరూ రాకముందే, తన కుర్చీలో కూర్చుని రెండు చేతులూ జోడించి, "స్వామీ, ఈ పూట ఎవరి కాలూ జారకుండా చూడు" అనుకునేది. ఆ తర్వాత కంప్యూటరులో బ్రౌజరు తెరిచి, తమ కంపెనీ కట్టిన లోకంలోకి వెళ్ళి, అక్కడి కొత్తవాళ్ళ మైదానంలో చారెడు మట్టి తవ్వేది. తవ్విన చారెడూ తిరిగి అక్కడే పోసేది. తెర మూలన ఆకుపచ్చ చుక్క వెలిగేది. నోటుబుక్కులో తేదీ వేసి, "నేల పదిలం" అని రాసి, అప్పుడు గాని మంచినీళ్ళు ముట్టేది కాదు.

ఆ మంచినీళ్ళ గ్లాసు మూత పెట్టి రోజూ ఆ వేళకు బల్ల మీద సిద్ధంగా ఉండేది. పెట్టేది గదులు ఊడ్చే ఆవిడ. పెట్టమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, పెట్టినందుకు జీతంలో కలిపిందీ లేదు. లోకం నిలబడి ఉండేది ఇలాంటి మూతపెట్టిన గ్లాసుల మీదనే కాబోలు.

వాళ్ళు కట్టిన లోకం ఎవరికైనా తెరుచుకుంటుంది. బ్రౌజరులో చిరునామా కొడితే చాలు, ఒక బొమ్మ మనిషి రూపంలో లోపల దిగుతాం. కొండలెక్కవచ్చు, గట్టు మీద కూర్చోవచ్చు, పక్కవాడితో కబుర్లాడవచ్చు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, అక్కడి నేలను ఎవరైనా తవ్వవచ్చు, ఎత్తవచ్చు, చదును చేయవచ్చు. ఒకరు తవ్విన గుంట ఆ క్షణంలోనే అందరికీ గుంటగా కనబడాలి. వారం తర్వాత వచ్చి చూసినా గుంటగానే ఉండాలి. ఆ నేల ప్రోగ్రామంతా మొదటి అక్షరం నుంచి ఆవిడే రాసింది కనుక నేలక్క అయింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితం మీద మాత్రం ఉంది. నీళ్ళు పారే ప్రోగ్రాము రాసినాయన నీళ్ళయ్య. ఆయన పేరూ అంతే.

అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆవిడ భూమి కొలతల ఆఫీసులో ఊళ్ళ ఎత్తుపల్లాల అంకెలు టైపు చేసింది. ఏ మిట్ట ఎంత, ఏ పల్లం ఎంత. అంకెలు చూడగానే కళ్ళ ముందు నేల పరుచుకునేదట. ముప్పై మూడేళ్ళ వయసులో, సాయంత్రం బడికి వెళ్ళి ప్రోగ్రాములు నేర్చుకుంది. "ఇన్నాళ్ళూ ఉన్న నేలను అంకెలు చేశాను, ఇప్పుడు అంకెల్ని నేల చేస్తున్నాను" అని నవ్వేది.

కొత్తవాళ్ళ మైదానం ఆ లోకానికి వాకిలి లాంటిది. కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ ముందు అక్కడే దిగుతాడు. దిగీ దిగగానే మొదటి పాఠం: చారెడు మట్టి తవ్వు, చారెడు మట్టి పొయ్యి. ఆ పాఠం పెట్టించింది కూడా నేలక్కే.

"తవ్వడం నేర్పినవాళ్ళం పూడ్చడం నేర్పకపోతే పాపం చుట్టుకుంటుంది" అనేది.

"పాపాలకు కూడా ప్రోగ్రాము రాశావా అక్కా?" అనేవాడు నీళ్ళయ్య.

"అది పైవాడు ఎప్పుడో రాసి ఉంచాడు. నీ చెరువులు కారకుండా చూసుకో నువ్వు."

ఇంట్లో ఆవిడకు ఉన్నది భర్త, అత్తగారు. భర్త ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, వేళాపాళా లేని డ్యూటీలు. అత్తగారు ముప్పై ఏళ్ళు గచ్చు పని చేసిన మనిషి. కట్టే ఇళ్ళల్లో వంగి, తాపీ పట్టుకుని, సిమెంటు గచ్చు అద్దంలా తీర్చేది. నేల మట్టం సరిగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు రసమట్టం పెట్టి, అందులోని బుడగ మధ్యకు వచ్చిందా లేదా అని చూస్తారు కదా, ఈవిడకు అది అక్కరలేదు. "ఈవిడ కంట్లోనే బుడగ ఉందిరా" అనేవారు. చదువు రాదు. మోకాళ్ళు అరిగాక పని మానేసి, ఆరేడేళ్ళుగా కొడుకు దగ్గరే ఉంటోంది. ముందు గదిలో కిటికీ పక్కన ఒక పాత కంప్యూటరు ఉండేది. మధ్యాహ్నం పూట ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు అత్తగారు దాని ముందు కూర్చుంటుందని నేలక్కకు తెలుసు. సినిమాలు చూస్తుంది కాబోలు, చూడనీ, అనుకునేది.

ఇక అసలు సంగతి. ఒకనాడు మేనేజరు గారు అందరినీ పిలిచి, ఇంకో రెండు వారాల్లో ఇరవై బడుల పిల్లలు మన లోకంలోకి పాఠాలకు వస్తున్నారు, వాకిలి శుభ్రం చేయండి, పనికిరాని పాత ఖాతాలన్నీ మూసేయండి అన్నారు. నేలక్క, నీళ్ళయ్య పక్కపక్కన కూర్చుని జాబితా తెరిచారు. పరీక్ష ఒకటి, పరీక్ష రెండు, పరీక్ష మూడు, ఇలా నలభై దాకా ఉన్నాయి. అన్నీ మొదట్లో నేల గట్టిదనం చూడటానికి వాళ్ళే పెట్టుకున్న ఖాతాలు. చాలామటుకు మనుషులవి కావు, వాటంతట అవే తవ్వి పోసే చిన్న చిన్న ప్రోగ్రాములవి.

"ఈ మూడో నంబరు ఇంకా తిరుగుతోందక్కా" అన్నాడు నీళ్ళయ్య.

తెర మీద చూశారు. ముఖం లేని బూడిదరంగు బొమ్మ ఒకటి, చదును పలక పట్టుకుని, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా లాక్కుంటూ పోతోంది.

"నేనెప్పుడో రాసి మరిచిపోయిన ప్రోగ్రామై ఉంటుంది. ఏ మూల కంప్యూటరులోనో ఇంకా ఆడుతూ ఉంది పాపం. ఆపేద్దాం."

"పాపమంటూనే పీక నొక్కుతున్నావు."

"నీకు అన్నీ వేళాకోళాలే" అని నేలక్క మీట నొక్కింది. బూడిదరంగు బొమ్మ పలకతో సహా మాయమైంది. ఒక్క మీట. అంతకుమించి ఆలోచించలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళితే అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. "నీ పని బాగానే సాగుతోందా అమ్మాయీ?" అంది. ఎన్నడూ అడగని ప్రశ్న. "ఆఁ, బాగానే ఉందత్తయ్యా" అంటూ నేలక్క లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడూ అదే ప్రశ్న, అదే ఆఁ. పాత కంప్యూటరు మీద ఎవరో గుడ్డ కప్పారు. ఇంట్లో గచ్చు రోజుకు రెండుసార్లు తుడుస్తున్న వాసన. ఇవన్నీ కళ్ళకు కనబడ్డాయి. మనసుకు పట్టలేదు.

పన్నెండో రోజు పొద్దున నేలక్క ఎప్పటిలాగే చేతులు జోడించి, బ్రౌజరు తెరిచి, మైదానంలోకి దిగింది. తెర అంతా నీలం.

పేజీ సరిగా తెరుచుకోలేదేమో అనుకుని మళ్ళీ తెరిచింది. మళ్ళీ నీలమే. తన బొమ్మ మనిషి చేతులాడిస్తూ కిందికి దిగుతోంది. దాని తల ఎత్తించి చూస్తే పైన ఎక్కడో అల. మైదానం లేదు. మైదానం ఉండాల్సిన చోట చెరువు ఉంది. ఆ చెరువు అడుగున ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు, మొదటి పాఠం కోసం దిగినవాళ్ళు, దిక్కుతోచక నీళ్ళలో తవ్వుతున్నారు.

నేలక్క నోటుబుక్కు తిరగేసింది. నిన్న: నేల పదిలం. మొన్న: నేల పదిలం. తన చేతి రాతే. పదిలమైన నేల తెల్లారేసరికి నీళ్ళపాలు ఎలా అయింది?

నీళ్ళయ్య అప్పుడే వచ్చి, భుజాన సంచీ అలాగే ఉంచుకుని తెర చూసి కొయ్యబారిపోయాడు. "నేను కాదక్కా! నా నీళ్ళు కదల్లేదు. నీటిమట్టం ఎక్కడుందో అక్కడే ఉంది, ఒట్టు. మట్టం కన్నా కిందికి దిగిన నేల ఏదైనా నీళ్ళు నిండుతుంది, అంతే. నీ నేలే దిగింది."

"ఎంత దిగింది?"

"ముప్పై వేళ్ళ పైన."

"ఒక్కసారిగా?"

"కాదు. చూడు, రోజుకు కొంత. మైదానమంతా కలిసి దిగింది. అందుకే నీకు తెలియలేదు."

నిజమే. నిలబడ్డ చోటు, చుట్టుపక్కల చోటు అన్నీ కలిసి కుంగితే, కుంగినట్టు ఎవరికి తెలుస్తుంది? గట్లవైపు చూస్తే తెలిసేది. గట్లకు అడ్డంగా చెట్ల వరస ఉంది.

మేనేజరు గారు వచ్చారు. కేకలు వేసే మనిషి కాదు. కుర్చీ లాగి నేలక్కను కూర్చోమని, తాను నిలబడే మాట్లాడారు.

"రేపు పది గంటలకు పిల్లలు దిగుతారు. నీళ్ళలోకి దింపమంటావా అమ్మా?"

"పైకి లేపొచ్చండి. నిమిషం పని."

"లేపుతావు, నాకు తెలుసు. మళ్ళీ దిగితే? పిల్లలు నిలబడి ఉండగా దిగితే? ఎందుకు దిగిందో చెప్పు, చాలు."

నేలక్క నోటుబుక్కు తెరిచి ఆయన ముందు పెట్టింది. అందులో నేల పదిలం అన్న మాట తప్ప ఏమీ లేదు.

"సాయంత్రం ఐదింటిదాకా చూస్తాను. కారణం దొరక్కపోతే బయట రెడీమేడ్ నేల అమ్ముతున్నారు, అది తెచ్చి పెట్టేద్దాం. నీ మీద కోపం కాదమ్మా. కారణం తెలియని నేల మీద పిల్లల్ని నిలబెట్టలేను."

ఆ మాటలో తప్పు లేదు. తప్పు లేని మాట కాబట్టే అంత లోతుగా దిగింది. ఆరేళ్ళు అక్షరం అక్షరం పేర్చిన నేల. సాయంత్రానికి పాత సామాను.

నేలక్క మార్పుల చిట్టా తెరిచింది. ఆ లోకంలో ఎవరు ఎక్కడ ఎప్పుడు మట్టి ముట్టుకున్నా చిట్టాలో ఒక వరస పడుతుంది. మైదానం వరసలన్నీ పాత నుంచి కొత్త దాకా చూసుకుంటూ వచ్చింది. కొత్తవాళ్ళ తవ్వకాలు, పూడికలు, వేలకు వేలు. వాటి మధ్య రోజూ ఒక్కలాంటి వరస: పరీక్ష మూడు, చదును, పదకొండు నుంచి పన్నెండున్నర. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. ఆరేళ్ళు. చివరి వరస సరిగ్గా పన్నెండు రోజుల కిందటిది. ఆ రోజు మీట నొక్కింది తనే.

అంటే ఆ పాత ప్రోగ్రాము రోజూ నేలను పైకి తెస్తూ ఉంది. తెచ్చే చెయ్యి ఆగగానే నేల దిగిపోయింది. సరే, ఆ ప్రోగ్రాము ఏమిటో చదివితే కారణం తెలుస్తుంది. నేలక్క తన పాత ఫైళ్ళన్నీ వెతికింది. పరీక్ష ఒకటి ఉంది. పరీక్ష రెండు ఉంది. నాలుగు, అయిదు, నలభై దాకా ఉన్నాయి. మూడు లేదు. నీళ్ళయ్య తన వైపు వెతికాడు. అక్కడా లేదు.

"రాయని ప్రోగ్రాము ఆరేళ్ళు ఎలా ఆడింది?" అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

నేలక్క ఆ మూడో నంబరు నడకను తెర మీద మళ్ళీ నడిపించి చూసింది. బూడిదరంగు బొమ్మ మైదానం మూలనున్న గట్టురాయి దగ్గర మొదలుపెడుతుంది. ఆ రాయిని ఎవరూ కదపలేరు, అలా రాసి ఉంది. అక్కడి నుంచి పలక లాగుతూ వస్తుంది. కొత్తవాడెవడైనా దారిలో నిలబడితే ఆగుతుంది. కాసేపు చూస్తుంది. వాడు కదలకపోతే చుట్టూ తిరిగి పోతుంది. వాడు తవ్వుతూ ఉంటే, వాడి పాఠం అయ్యేదాకా పలక పక్కన పెట్టి ఆగి, వాడు వెళ్ళాక ఆ చోటు చదును చేస్తుంది.

ప్రోగ్రాములు ఇంత మర్యాదగా తప్పుకోవు.

చిట్టాలో అక్కడక్కడా ఖాళీలున్నాయి. నేలక్క నోటుబుక్కు పక్కన పెట్టుకుని తేదీలు చూసింది. రెండో ఏడు, వరసగా నాలుగు రోజులు ఖాళీ. నోటుబుక్కులోనూ ఆ నాలుగు రోజులు ఖాళీ. ఆ నాలుగు రోజులూ తను సెలవు పెట్టింది. ఎందుకు పెట్టింది? నాలుగో ఏడు, ఒక రోజు ఖాళీ. తనకూ ఖాళీ. కిందటేడు తొమ్మిది రోజులు ఖాళీ. తనకూ ఖాళీ. మరి తను శిక్షణకు వెళ్ళిన రెండు రోజులు? నోటుబుక్కు ఖాళీ, చిట్టాలో మాత్రం చదును ఉంది.

నాలుగు రోజులు. అత్తగారి కంట్లో పొర తీయించిన రోజులు.

ఒక రోజు. ఆడపడుచు కూతురి పెళ్ళి.

తొమ్మిది రోజులు. అత్తగారికి జ్వరం. పగలల్లా పక్కన కూర్చుని నుదుట తడిగుడ్డ వేసింది తనే.

ప్రోగ్రాములకు జ్వరం రాదు.

నేలక్క వేలు తేదీ మీద అలాగే ఉండిపోయింది. మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు పొద్దుటినుంచి ముట్టకుండా పక్కనే ఉంది. నీళ్ళయ్య దాని మూత తీసి, చేతికిచ్చి, "ఏమైందక్కా?" అన్నాడు.

"నేను ఇంటికెళ్ళాలి."

ఆయన స్కూటరు తాళం తీసుకుని, "పద, ఎక్కు. ఎందుకో తర్వాత చెబుదువుగాని" అన్నాడు.

ఇంటికి చేరేసరికి ఒంటిగంట. నీళ్ళయ్య ఆవిడను దింపి ఆఫీసుకు తిరిగి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. అత్తగారు ముందుగదిలో మోకాళ్ళ కింద దిండు వేసుకుని, తడిగుడ్డతో గచ్చు తుడుస్తోంది. తళతళలాడుతున్న గచ్చునే మళ్ళీ.

"ఏమ్మా, ఈ వేళప్పుడొచ్చావు? ఒంట్లో బాగాలేదా?"

"అత్తయ్యా, ఆ కంప్యూటరులో మీరు రోజూ ఏం చేసేవాళ్ళు?"

పెద్దావిడ ఉలిక్కిపడి గోడ పట్టుకుని లేచింది. తేలు కుట్టిన దొంగలా చూసింది. "ఏదైనా పాడైందా? నేను ముట్టుకుని పన్నెండు రోజులైంది తల్లీ. రావద్దన్నాక ఒక్కనాడూ ముట్టలేదు, దేవుడి తోడు."

"ఎవరు రావద్దన్నారు?"

"తెర మీద పడిందిగా. పక్కింటావిడను చదివి పెట్టమన్నాను. మీకు ప్రవేశం లేదు అని ఉందట."

ఆ మాట రాసిందీ నేలక్కే. ఆపేసిన ఏ ఖాతా తెరిచినా పడే మాట. "మరి నన్నొక మాట అడగొచ్చుగా అత్తయ్యా?"

"రేపట్నుంచి రావద్దంటే, ఎందుకూ అని మేస్త్రిని అడిగిన కూలిమనిషిని ఎక్కడైనా చూశావా? ముప్పై ఏళ్ళలో నేనైతే అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతారు, పనిలో తేడా వచ్చిందనేగా. చూపు తగ్గింది. ఎక్కడో ఎగుడుదిగుడు వదిలేసి ఉంటాను. నా ముఖాన చెప్పలేక అలా చెప్పించావనుకున్నాను. పోనీలే, నీ పనైనా బాగా సాగుతోందా లేదా అని రోజూ అడుగుతూనే ఉన్నాగా."

"అసలు మిమ్మల్ని ఆ పని చెయ్యమన్నదెవరు?"

"బాగుంది! నువ్వే!"

"నేనా?"

"మొదటిరోజు మరిచిపోయావా? ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చోబెట్టావు. ఈ బొమ్మ మీరే అత్తయ్యా, చారెడు తవ్వి చూడండి, చారెడు పోసి చూడండి అన్నావు. తవ్వాను, పోశాను. తగ్గిందే అమ్మాయీ అన్నాను. నువ్వు నోట్లో దువ్వెన పెట్టుకుని జడ వేసుకుంటున్నావు, బస్సుకు వేళైందని. తగ్గితే కాస్త సరిచేస్తూ ఉండండి అత్తయ్యా, అని వెళ్ళిపోయావు."

పెద్దావిడ తడిగుడ్డ పిండి పక్కన పెట్టింది.

"సరిచేస్తూ ఉండమన్నావు. ఉన్నాను."

నేలక్క ఆ కుర్చీలోనే కూర్చుంది. ఆరేళ్ళు! జడ వేసుకుంటూ విసిరేసిన మాట. తను బస్సెక్కేసరికే మరిచిపోయిన మాట. దాన్ని పట్టుకుని ఈ మనిషి ఎండైనా వానైనా రోజూ గంటన్నరసేపు పలక లాగింది. చిట్టాలో పరీక్ష మూడు అని ఉంది గాని, అత్తగారు అని ఎక్కడుంది?

"కానీ తగ్గడమేమిటి అత్తయ్యా? చారెడు తీసి చారెడు పోస్తే సమానమేగా?"

ఈసారి ఆశ్చర్యపోవడం పెద్దావిడ వంతైంది. "సమానమా? సమానమైతే నాకు రోజూ పలక లాగే పనేముంది? చారెడుకు వేలెడు తరుగు వస్తుంది నీ నేలకు. ఏనాడూ తప్పలేదు. పూడ్చిన మట్టి కుంగదూ? ఏ నేలైనా కుంగుతుంది, బంకమట్టైతే ఒకలా, ఇసక నేలైతే ఒకలా. అది కుంగే రకం అనుకున్నా. నేల చేసినదానివి, నీకు తెలిసే చేశావనుకున్నా."

"నాకు కనబడలేదు."

"నువ్వు కాళ్ళ దగ్గర చూస్తావు. కాళ్ళ దగ్గర చూస్తే ఏం తెలుస్తుంది? కదలని రాయి దగ్గర నిలబడి చూడాలి. గచ్చు పనిలో మొదటి రోజు నేర్పేది అదే."

నేలక్క గుడ్డ తీసి పాత కంప్యూటరు ఆన్ చేసింది. తన ఖాతాతో లోపలికి వెళ్ళి, మైదానాన్ని పాత ఎత్తుకు లేపి, గట్టురాయి పక్కనే చారెడు తవ్వి, చారెడు పోసింది. మూలన ఆకుపచ్చ చుక్క వెలిగింది. అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని, వంగి, తెర మీద వేలు పెట్టింది. "ఇదుగో."

రాయి అడుగున, సన్నగా, ఇంతకుముందు లేని నీడగీత ఒకటి. వేలెడు.

ఆరేళ్ళుగా వెలుగుతున్న ఆకుపచ్చ చుక్క అబద్ధం చెబుతోంది! నేలక్క ప్రోగ్రాము తెరిచింది. చిన్న చిన్న కంప్యూటర్లలో కూడా లోకం తొందరగా తెరుచుకోవాలని, అప్పట్లో నేల ఎత్తులో సగాలూ పావులూ వదిలేసి నిండు వేళ్ళు మాత్రమే దాచేలా రాసింది. వంద వేళ్ళ ఎత్తులో చారెడు, అంటే రెండున్నర వేళ్ళు, తీస్తే తొంభై ఏడున్నర. సగం రాలిపోయి తొంభై ఏడు. తిరిగి రెండున్నర పోస్తే తొంభై తొమ్మిదిన్నర. మళ్ళీ సగం రాలి తొంభై తొమ్మిది. వంద తీసుకున్న చోట తొంభై తొమ్మిది తిరిగిచ్చి, నేల పదిలం అని రాసుకుంటూ వచ్చింది.

మరి చుక్క ఎర్రగా ఎందుకు వెలగలేదు? ఆ వరస కూడా దొరికింది. దాని పక్కన, చదివేవాళ్ళకు గుర్తుగా, తన మాటల్లోనే రాసి ఉంది: వేలెడు తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు.

గోరంతే గదా అని తను వదిలేసింది. వదిలేసిన గోరంతా రోజూ కొండ కాకుండా ఒక ముసలి చెయ్యి అడ్డుపడింది. ఆ చెయ్యి అడ్డుపడబట్టే తప్పు ఆరేళ్ళు బయటపడలేదు. తప్పును మోసింది కూడా ఆ చెయ్యే. దేవుడు ఏ రూపాన ఇంట్లో ఉంటాడో తెలియదంటారు పెద్దలు. ముఖం లేని బూడిదరంగు బొమ్మ రూపాన ఉంటాడని ఎవరూ చెప్పలేదు.

సగాలూ పావులూ కూడా దాచేలా మార్చడానికి రెండు గంటలు పట్టింది. వేలెడు తేడా మాట కొట్టేసింది. రాయి దగ్గర వందసార్లు తవ్వించి, వందసార్లు పోయించింది. నీడగీత పడలేదు. నాలుగున్నరకు మేనేజరు గారికి ఫోను చేసి, ఏదీ దాచకుండా, వేలెడు తేడా అని తను రాసిన వరసతో సహా చెప్పింది.

"ఆరేళ్ళా?"

"ఆరేళ్ళండి."

"మీ అత్తగారా?"

"ఆవిడేనండి."

"ఆవిడకు నా నమస్కారాలు చెప్పమ్మా. నేల మారుద్దామన్న మాట నేను అనలేదనుకో. రేపు పిల్లలు మీ నేల మీదే దిగుతారు" అని, కాసేపాగి, "మా ఇంట్లో ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో నేనూ ఇవాళ చూసుకోవాలి" అన్నారు.

నేలక్క మూసేసిన ఖాతా తెరిచింది. పరీక్ష మూడు అన్న పేరు చెరిపి, అత్తగారి పేరు రాసింది. బూడిదరంగు తీసేసి, ఆవిడ ఎప్పుడూ కట్టే ముదురాకుపచ్చ చీర రంగు పెట్టింది. పెద్దావిడ తెర దగ్గరికి వచ్చి తన బొమ్మను పైనుంచి కిందికి చూసుకుంది. అన్ని రోజులకు మొదటిసారి ముఖంలో కళ వచ్చింది.

"అయితే రేపట్నుంచి మళ్ళీ పనిలోకి రావొచ్చా?" అంది.

నేలక్క తెర మీది పలక వైపు చూసింది. తప్పు దిద్దేసింది కదా, ఇక నేల దిగదు. దిగని నేలకు పలకతో పనేముంది? తన చేత్తోనే రెండోసారి ఆవిడను పని మాన్పించినట్టవుతుంది. కానీ కుంగని నేలను చదును చెయ్యమని చెప్పి ఆ కంటిని మోసం చెయ్యలేదు. ఆ కన్ను మోసపోదు కూడా.

లేచి, పక్కనే నిలబడ్డ పెద్దావిడ అరచేతుల్ని పట్టుకుంది. ముప్పై ఏళ్ళ సిమెంటు తిన్న చేతులు. ఇంత గరుకుగా ఉంటాయని నేలక్కకు ఇవాళే తెలిసింది.

"రావాలి అత్తయ్యా. కానీ పలక వద్దు. ఒక సాయం చేసిపెట్టండి. రోజూ పొద్దున నేను ఆఫీసులో చారెడు తవ్వి చారెడు పోస్తాను. అప్పుడు మీరు ఇక్కడినుంచి వచ్చి రాయి దగ్గర నిలబడి చూడండి. బాగుంటే సరే అని ఫోను చెయ్యండి. మీరు సరే అనేదాకా నేను పుస్తకంలో రాయను, మంచినీళ్ళూ తాగను."

"తగ్గితే?"

"తగ్గితే మాత్రం మీరు సరిచెయ్యకండి. వేలెడైనా సరే, అలాగే వదిలేసి, ఫోను చేసి నన్ను తిట్టండి."

"తిట్టాలా?" అంది పెద్దావిడ, ముక్కున వేలేసుకుని.

"తిట్టండి అత్తయ్యా. మీకు పుణ్యముంటుంది, ఈసారి తిట్టండి."